నల్లరంగు కింద బోల్టు

తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం వచ్చింది. అంతే. ఇంజను కదల్లేదు.

కోవిల్‌పట్టి మెయిన్ రోడ్డులో పూలకొట్టు ముందు బండి ఆపి, దండ కొనుక్కుని వచ్చి కూర్చున్నాం. మా ఆయన మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్. ఆ తర్వాత పళ్ళు బిగబట్టి గట్టిగా తిప్పాడు, దబాయిస్తే బండి భయపడి కదులుతుందన్నట్టు. అనాలనిపించినవి నోటి చివరే ఉన్నాయి గానీ, వెనకాల అత్త పడుకుని ఉంది.

అత్త అంటే నాకు ఉత్త అత్తగారు కాదు, మా నాయనకు తోడబుట్టిన మేనత్త. నన్ను ఆమె కొడుక్కే ఇచ్చి చేశారు. అందుకే ఆయన్ని ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. ఆ వానాకాలంలో అత్త పశువుల కొట్టంలో కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ప్లేటు వేశారు. ఇంకా కొన్నాళ్ళు కూర్చోకూడదు, కుదుపు తగలకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని మా పాత వ్యానులో వెనక సీట్లన్నీ విప్పేసి పరుపు వేసి, అటొక దిండు ఇటొక దిండు పెట్టి పడుకోబెట్టాం. ఈ వ్యానులో ఇంజను ముందు సీట్ల కిందే ఉంటుంది. అత్త తల సరిగ్గా ఇంజను మూత వెనకాల ఉంది. మేం జుట్టు దువ్వుకున్నామో లేదో కూడా ఆమెకు అక్కడినుంచి కనిపిస్తుంది.

మేం పోవాల్సింది విరుదునగర్. అత్త కూతురి బిడ్డకు ఆ రోజు చెవులు కుట్టిస్తున్నారు.

మా వాళ్ళలో బిడ్డను మేనమామ ఒడిలో కూర్చోబెట్టే చెవులు కుట్టాలి. మేనమామ వచ్చేదాకా ఆసారి, అంటే చెవులు కుట్టే కంసాలి, బంగారు తీగ చేతిలోకి తీసుకోడు. ముహూర్తం దాటిపోతుందంటే మాత్రం తండ్రి వైపు పెద్దాయన ఎవరో ఒకరు ఒడి ఇస్తారు. ఒకసారి వేరే ఒడి ఇచ్చారంటే ఆ బిడ్డకు అదే ఒడి. రేపు పెద్దమనిషైనా, పెళ్ళి పీటల మీద కూర్చున్నా, పుట్టింటివాళ్ళు గుంపులో వచ్చి గుంపులో పోయే చుట్టాలే. ఆ రోజు శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం మొదలవుతుంది. ఆలోపల కుట్టాలి.

ఇంతే అయితే అంత భయపడను. అత్త కూతురు తనకు నచ్చినవాణ్ణి చేసుకుంది. విరుదునగర్ బజారులో పప్పుల వ్యాపారం చేసే తమిళ కుటుంబం. మనిషి మంచివాడే. అత్తకు ఆ మంచితనం అక్కర్లేకపోయింది. ‘నీ గడప నేను తొక్కను’ అంది. తొక్కలేదు. బిడ్డ పుట్టినా పోలేదు. ఆ బిడ్డ నడిచింది, మాట్లాడింది, బడికి కూడా పోయింది. తల్లీ కూతుళ్ళ మధ్య ఒక్క మాట లేదు. తుంటి విరిగిన సంగతి ఎవరి ద్వారానో తెలిసి, ఆ అమ్మాయి వాళ్ళ అన్నకు ఫోను చేసి ఏడ్చింది. ఏడుపు అయిపోయాక షరతు పెట్టింది.

“పాపకు చెవులు కుడతా ఉండాము అన్నా. నీ ఒడి కావాల. కానీ అమ్మ రావాల. అమ్మ రాకుంటే నువ్వూ వద్దు.”

తల్లికి తగ్గ కూతురే మరి. అత్త ఆ మాట విని రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత గోడవైపు తిరిగి పడుకుని అంది.

“గడప తొక్కనన్నాను. వీదిలో బండిలో పండుకుంటే గడప తొక్కినట్టు కాదు కదా.”

దాంతో మా బావకు పెళ్ళి కళ వచ్చేసింది. పుట్టింటివాళ్ళు తుప్పు పట్టిన బండిలో దిగారని వాళ్ళు అనుకోకూడదట. బ్రష్షు పట్టుకుని రోజుల తరబడి బండికిందే కాపురం పెట్టాడు. పైన తెలుపు, ఇంజను చుట్టూ ఉన్న ఇనుమంతా నిగనిగలాడే నలుపు. చివరికి చందనం బొట్లు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. ఊళ్ళో బయలుదేరేటప్పుడు బండి ఒకసారి మూలిగి, ఆగి, మళ్ళీ మూలిగి స్టార్టయింది. ఏమిటది అంటే, నిమ్మకాయ సరిగా నలగలేదన్నాడు.

ఇప్పుడు ఆ మూలుగు కూడా లేదు.

“బ్యాటరీ దిగిపోయుంటుంది,” అన్నాడు బావ.

“హారను కొట్టు,” అన్నాను.

కొట్టాడు. పూలకొట్టు అమ్మాయి చెవులు మూసుకుంది. లైట్లు వేసి తాళం తిప్పమని నేను దిగి ముందు నిలబడ్డాను. టక్‌మంది గానీ లైట్లు మసకబారలేదు. నిండుగా వెలిగాయి.

“బ్యాటరీ బాగానే ఉండాది బావా.”

“నీకేమి తెలుసు?”

ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు. పక్కన సరుకు దించుతున్న మినీలారీ డ్రైవరును బతిమాలి, బ్యాటరీకి బ్యాటరీ కలిపే లావు వైర్లు తెచ్చాడు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు తగిలించారు. తాళం తిప్పాడు. టక్.

“ఏమిరా, పోలేదా ఇంకా?” అంది అత్త పడుకునే.

“పోతామమ్మా. ఒక్క నిమసం.”

అప్పుడే ఫోను మోగింది. బావ స్పీకరులో పెట్టాడు, చేతులకు మసి ఉందని.

“అన్నా, యాడ ఉండారు?”

“కోవిల్‌పట్టిలో ఉండామమ్మా. దండ కొంటా ఉండాము.”

“ఆసారి వచ్చేసినాడు. మామగారి అన్న కొత్త పంచ కట్టుకుని కూర్చునుండాడు, ఒడి ఇచ్చేదానికి. నిజం చెప్పన్నా. అమ్మ వస్తా ఉండాదా, లేదా?”

“వస్తా ఉండాది. ఈడే ఉండాది.”

“అయితే ఫోనియ్యి.”

నేను ఫోను అత్త దగ్గరికి పట్టుకెళ్ళాను. అత్త దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది. ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట ఫోనులో అనదట. అవతల ఆ అమ్మాయికి కనిపించేది తల ఊపడం కాదు, వినిపించేది మౌనం. కాసేపు విని పెట్టేసింది.

ఈమె రాలేదని ఆ అమ్మాయి అనుకుంటోంది. అన్న అబద్ధం ఆడుతున్నాడనుకుంటోంది. ఇంకొంచెం సేపైతే పంతానికి ఆ కొత్త పంచ పెద్దాయన ఒడిలోనే బిడ్డను పెడుతుంది. ఆ తల్లి కూతురే కదా, ఒకసారి పెట్టిందంటే మళ్ళీ తియ్యదు.

“నువ్వు బస్సెక్కి పో బావా. నేను అత్త దగ్గర ఉంటాను.”

“అమ్మ లేకుండా పోతే నన్ను గుమ్మంలోనే నిలబెడుతుంది. విన్నావు కదా?”

కారు మాట్లాడదామంటే, ముహూర్తాల శుక్రవారం, పెళ్ళిళ్ళకు పోని కారు ఒక్కటీ లేదు. ఉన్నా అందులో పడుకోబెట్టడం కుదరదు. అంబులెన్సు అన్నాను. బిడ్డకు చెవులు కుట్టే ఇంటి ముందు అంబులెన్సు దించుతావా అని నన్ను తినేసేలా చూశాడు. నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

“తొయ్యండిరా,” అంది అత్త. “నాలుగు చేతులు పడితే పోతుంది.”

డీజిల్ బండి, తోస్తే స్టార్టవుతుంది. ఆ సంగతి మాకు తెలియక కాదు. గేరులో వేసి క్లచ్చి వదిలినప్పుడు తగిలే కుదుపు కూడా తెలుసు. బావ వద్దన్నాడు. అత్త కోప్పడింది. చివరికి మినీలారీ డ్రైవరు, పూలకొట్టు ఆయన, దోవన పోయే ఇద్దరు చెయ్యి వేశారు. నేను వెనక అత్త పక్కన కూర్చుని నడుమును రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. బండి కదిలింది. కాస్త వేగం అందుకుంది. బావ క్లచ్చి వదిలాడు.

అత్త అరవలేదు. నా మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. నోరు తెరుచుకుపోయింది. అద్దంలో ఆ ముఖం చూసిన బావ బ్రేకు మీద కాలేశాడు. ఇంజను అప్పుడే ఒక పొలికేక పెట్టబోయి ఆగిపోయింది.

“ఇంకోసారి,” అంది అత్త, ఊపిరి అందాక.

“చంపేస్తావా నన్ను?” అన్నాడు బావ. దిగి బండి పక్కన నిలబడి ముఖం అటు తిప్పుకున్నాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. తోసినవాళ్ళు ఒక్కొక్కరే పనుల మీద పోయారు.

పక్క వీధినుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. ముందు సీటు ఎత్తి, మూత తీసి, ఇనుపకడ్డీతో స్టార్టరు మోటారును నాలుగు తట్లు తట్టాడు. తిప్పమన్నాడు. టక్. పెద్ద స్క్రూడ్రైవరు పెట్టి మోటారు మీది రెండు బోల్టులను కలిపాడు. చిటపటమని నిప్పురవ్వలు రాలాయి, మోటారు మాత్రం తిరగలేదు. మోటారు కాలిపోయింది, విప్పి తీసుకుపోయి చుట్టించాలి, సాయంత్రానికి ఇస్తాను అని తమిళంలో చెప్పాడు. అతని షెడ్డులో రెండు బస్సులు విప్పి పెట్టి ఉన్నాయట. స్పానరు తెస్తానని వెళ్ళాడు.

“చెప్పినాను కదా, మోటారు పోయిందని,” అన్నాడు బావ. ఆయన బ్యాటరీ అనే చెప్పాడు. ఇంకోరోజైతే ఆ మాట నేను వదిలేదాన్ని కాదు.

సాయంత్రం అంటే అయిపోయినట్టే. బావ చివరిసారిగా ఊరికే, చేతులు ఊరుకోక, తాళం తిప్పి పట్టుకున్నాడు. వదల్లేదు. అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

“ఏదో మాడతా ఉండాది,” అంది అత్త.

“డీజిల్ వాసన అత్తా.”

“డీజిలు నాకు తెలీదా? మాడు వాసన. ఇదో, ఈ కమ్మి పొగలేస్తా ఉండాది చూడు.”

మూత తీసి ఉండడంతో ఇంజను వెనక భాగమంతా ఆమె తల పక్కనే ఉంది. ఆమె వేలు చూపించిన చోట, యాక్సిలరేటరు నుంచి ఇంజనుకు పోయే సన్నటి ఇనుప తీగ ఉంది. పైన నల్లటి ప్లాస్టిక్ తొడుగు. ఆ తొడుగు మెత్తబడి వంగుతోంది. తాకి చూశాను. వేళ్ళు చురుక్కుమన్నాయి.

కాలుతో తొక్కితే లాగే తీగ అది. దానికీ కరెంటుకూ సంబంధమే లేదు. అది ఎందుకు కాలాలి?

మా నాయనకు చేను దగ్గర మోటారు కొట్టం ఉండేది. నల్లరేగడి నేల. ఎండాకాలం నేల బీటలు వారితే ఎర్త్ గుంత ఎండిపోయేది. నాయన పొద్దున్నే దాంట్లో ఉప్పునీళ్ళు పోసేవాడు. ఒక ఏడు పొయ్యడం మరిచిపోయాడు. నీళ్ళ గొట్టం పట్టుకున్న నాకు షాకు కొట్టి గట్టుమీద పడ్డాను. నన్ను లేపి కూర్చోబెట్టి నాయన చెప్పిన మాట ఇప్పటికీ గుర్తుంది. పోయే దోవ మూస్తే కరెంటు ఊరుకోదు పాపా, ఇంకో దోవ ఎతుక్కుంటుంది అన్నాడు.

“బావా, తాళం వదులు.”

“ఏమి?”

“వదులు ముందు. బ్యాటరీలో నుంచి మోటారుకు పోయిన కరెంటు మళ్ళీ వెనక్కి రావాల కదా? ఇంజనుకూ చాసిస్‌కూ కలిపే పట్టీ యాడ ఉండాది?”

“రాగి పట్టీనా? ఉండాది, ఆ కింద. నేనే విప్పి మళ్ళీ బిగించినాను.”

“విప్పినావా? ఎందుకు?”

ఆయన నా ముఖం చూశాడు. అప్పటికే ఆయనకు తెలిసిపోయింది.

“రంగెయ్యడానికి,” అన్నాడు.

నేను మినీలారీ డ్రైవరు దగ్గరికి పరుగెత్తాను. అతను వైర్లు చుట్టుకుని బయలుదేరబోతున్నాడు. నల్ల వైరు ఒక్కటి చాలు, ఒక్కసారి అని బతిమాలాను. ఒక కొసను బ్యాటరీ మైనస్‌కు పెట్టి, రెండో కొసను నేనే ఇంజను ఇనుముకు నొక్కి పట్టుకున్నాను. బావకు కన్నుతో సైగ చేశాను.

మోటారు గిర్రున తిరిగింది. ఇంజను ఒక్క పెట్టున అందుకుంది. ఇంతసేపూ చచ్చిందన్న మోటారు అది.

బావ సీట్లోకి దూకాడు. “ఎక్కు. ఇంక ఆపకుండా పోదాము.”

“ఆ పట్టీ సరిచెయ్యకుండానా? ఇంజను నడిచినంతసేపూ కరెంటు ఈ తీగలోనే తిరుగుతుంది. సగం కాలిపోయుండాది. దోవలో సాత్తూరు కాడ తెగితే అత్తను నడిరోడ్డులో పెట్టుకుని ఏమి చేస్తావు?”

“టయిము లేదే! నీకు అర్థం కాలేదా?”

“నాకు అర్థమయింది కాబట్టే చెప్తా ఉండాను.”

నడిబజారులో ఇద్దరం కేకలు వేసుకున్నాం. సిగ్గు కూడా అనిపించలేదు. అటు ఆసారి, ఇటు తీగ. ఆపితే ముహూర్తం జారిపోతుంది, ఆపకపోతే దోవలో ఏమవుతుందో తెలియదు. ఎవరి మాటా ఎవరికీ ఎక్కలేదు. అప్పుడు పరుపు మీదనుంచి ఒక చెయ్యి లేచింది. అత్త తన వక్కల సంచిలోంచి అడకత్తెర తీసి మా మధ్య చాపింది.

“గీకి పెట్టరా. బుద్దిగా పోదాము.”

బావ ఇంజను ఆపాడు. సీటు కింద ఉన్న మా స్పానరు తీసుకుని కిందికి దూరాడు. బోల్టు విప్పితే రాగి పట్టీ కింద ఉండాల్సిన తెల్లటి ఇనుము లేదు. నిగనిగలాడే నల్లరంగు, దాని మీద చందనం బొట్టు, ఆ బొట్టు మీద బిగించిన పట్టీ. బోల్టు మరల్లో కూడా రంగే. రంగు గుండా కరెంటు పోదు; ఇనుముకు అంటీ అంటని ఆ కాస్త చోటునుంచే పోయి ఊళ్ళో బండి మూలుగుతూ స్టార్టయింది. దోవ కుదుపులకు అదీ పోయింది. చెల్లెలి ఇంటికి దర్జాగా పోవాలని ఆయన వేసిన రంగే మమ్మల్ని కోవిల్‌పట్టిలో కట్టేసింది. నాకు నవ్వు రాలేదు. ఆయన అడకత్తెరతో ఆ రంగును గీకుతుంటే చూసి, తిట్టాలనుకున్నదంతా మింగేశాను.

ఇనుము బయటపడింది. పట్టీ బిగించాడు. తాళం తిప్పితే, కొత్త బండి కూడా అలా పలకదు. స్పానరుతో వస్తున్న మెకానిక్కు దూరంగానే నిలబడి చూశాడు. బావ అతనికి చెయ్యెత్తి దణ్ణం పెట్టి బండి ముందుకు ఉరికించాడు.

నాలుగు లైన్ల రోడ్డు ఎక్కాక అసలు భయం మొదలైంది. కాలిన తొడుగు లోపల తీగ అతుక్కుపోతోంది. యాక్సిలరేటరు తొక్కితే దిగుతుంది, వదిలితే తొందరగా పైకి రాదు. ముందు లారీ కనిపించినప్పుడల్లా బావ కాలి బొటనవేలు పెడలు కింద దూర్చి పైకి లాగుతున్నాడు. వేగంగా పోతే అత్తకు నొప్పి. మెల్లగా పోతే ముహూర్తం పోతుంది. నేను వెనక్కి తిరిగి అత్త ముఖం చూస్తూ, ముందుకు తిరిగి రోడ్డు చూస్తూ, సాత్తూరు ఎప్పుడు దాటిందో గమనించలేదు. బావ చెల్లెలికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు.

విరుదునగర్‌లో రైల్వే గేటు పడి ఉంది.

గేటు దగ్గర ఆగితే అందరూ ఇంజను ఆపుతారు. అలవాటు. బావ చెయ్యి దానంతట అదే తాళం మీదికి పోయింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“సరిచేసినాము కదా,” అన్నాడు.

“సరిచేసినాము. అయినా తిప్పొద్దు.”

గూడ్సు రైలు. దానికి తొందర లేదు. ఒక్కొక్క పెట్టె తీరిగ్గా దాటుతుంటే, ఆ చప్పుడులో మా ఇంజను నడుస్తోందో లేదో చెవికి తెలియక, నేను కాలు ఇంజను మూత మీద పెట్టి అదురు చూసుకుంటూ కూర్చున్నాను. అత్త కళ్ళు మూసుకుని, రాని నిద్ర నటిస్తోంది. పెదవులు కదులుతున్నాయి.

వీధి మలుపు తిరిగేసరికి గుమ్మంలో ఆ అమ్మాయి నిలబడి ఉంది. పట్టుచీర కట్టుకుంది. చంకలో పాప. ఆమె వెనక చాప మీద కొత్త పంచ పెద్దాయన కూర్చుని ఉన్నాడు, ఒడి ఖాళీగానే ఉంది. మా బండిని గుర్తుపట్టి ఆమె మెట్లు దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు. మమ్మల్ని పలకరించకుండా నేరుగా వెనక్కి పోయి తలుపు తెరిచింది.

అత్త కళ్ళు తెరిచి కూతుర్ని పైనుంచి కిందిదాకా చూసింది.

“చిక్కిపోయినావు,” అంది.

ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట అదే.

రాహుకాలం రాబోతోందని లోపలినుంచి ఎవరో గుర్తు చేశారు. అమ్మగారిని ఎత్తి లోపలికి తీసుకుపోదాం అన్నారు. అత్త ముఖం గట్టిపడింది. “నేను ఈడే ఉంటాను. మీరు పోండి.” కూతురు వాదించలేదు. వెనక్కి తిరిగి, ఆసారిని పళ్ళెంతో సహా ఇక్కడికే రమ్మని తమిళంలో కేకేసింది. శుభకార్యం వీధిలోనా అని ఒకరిద్దరు గొణిగారు. అంతలో అల్లుడు మాట్లాడకుండా చాప చుట్టి చంకన పెట్టుకుని వచ్చి, మా బండిలో అత్త పరుపు పక్కన పరిచాడు. అత్త అతని వైపు చూడలేదు గానీ, చాపకు చోటు ఇవ్వడానికి తన దిండును తానే జరుపుకుంది.

బావ కూర్చున్నాడు. పాపను ఒడిలో పెట్టారు. ఆసారి బంగారు తీగను దీపానికి చూపించి, చెవి పట్టుకుని, ఆగాడు. ఇంజను ఆపమన్నాడు, చెయ్యి అదురుతోందట.

బావ నా వైపు చూశాడు. పొద్దుటినుంచి ఆ ఇంజను కోసమే బతికాం. నేను ముందుకు వంగి ఆపేశాను.

పాప ఏడ్చింది. చుట్టూ అందరూ తమిళంలో సముదాయిస్తుంటే, అత్త చెయ్యి చాపి ఆ చిన్న పాదం పట్టుకుని మన తెలుగు మాటలో అంది, “అయిపోయింది తల్లీ, అయిపోయింది.” పాప ఏడుపు ఆపి, ఆ ముసలి ముఖాన్ని వింతగా చూసి, “నొస్తా ఉండాది అవ్వా,” అంది. ఆ ఇంట్లో మన మాట మాట్లాడే మనిషి ఒక్కతే. ఆ ఒక్కతే నేర్పి ఉండాలి. అత్త మరి తల తిప్పుకోలేదు, అందరి ముందే కన్నీళ్ళు కార్చింది.

కూతురు అన్న చెయ్యి చూసి, “ఏమన్నా ఈ నలుపు?” అంది.

“రంగు.”

“ఏమి రంగు?”

“మీ ఇంటికి వస్తామని బండికి వేసినాను లే,” అన్నాడు. ఆ అమ్మాయి ఆ చేతిని పట్టుచీర కొంగుతో తుడవబోయింది. ఆయన లాక్కున్నాడు.

భోజనాలు బండి దగ్గరికే వచ్చాయి. అత్తకు కూతురే తినిపించింది. పాప అమ్మమ్మ పక్కన పడుకుని నిద్రపోయింది. ఎండ వాలింది. ఇక బయలుదేరాలి. ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. ఉండమని కూతురు అడగలేదు, గడప మాట గుర్తుంది కనుక. ఉంటానని అత్త అనలేదు, ఆ మాట అన్నది తనే కనుక. గిన్నెలు సర్దుతూ కూతురు ఒకే గిన్నెను తిరిగి తిరిగి తుడుస్తోంది.

అత్త కొడుకును చేత్తో దగ్గరికి పిలిచింది. నేను పక్కనే ఉన్నాను.

“రేయ్, బండి మళ్ళీ నిలిచిపోతే ఏమి చేస్తాము?”

“నిలిచిపోదమ్మా. సరిచేసినాము కదా.”

“నిలిచిపోతే అంటా ఉండాను.”

“పోదమ్మా. ఊరు చేరేదాకా ఏమీ కాదు, నాది బాద్యత.”

ఇలాంటి మొద్దును కట్టుకుని ఇన్నేళ్ళు ఎలా వేగానా అనిపించింది. స్పానరు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఆయన స్పానరును చూశాడు, నన్ను చూశాడు, తల్లిని చూశాడు. అత్త పైన రేకు వైపు చూస్తూ పడుకుంది. ఆయన పొద్దున బిగించిన ఆ బోల్టు కోసం బండికిందికి దూరాడు.

బయటికి వచ్చాక అందరూ వినేలా, “సరి, బయలుదేరుతాము,” అని సీట్లో కూర్చుని తాళం తిప్పాడు.

టక్.

అల్లుడు మెట్లు దిగి వచ్చాడు. కూతురు గిన్నె కింద పెట్టింది.

“ఇంకోసారి తిప్పి చూడన్నా,” అంది.

తిప్పాడు. టక్‌మంది. ఈ ఊళ్ళో మెకానిక్కు రేపు పొద్దునకు గానీ రాడు అంది ఆమె, ఎవరినీ అడగకుండానే. అల్లుడు పక్కింటివాళ్ళను పిలిచాడు. నలుగురూ పరుపు నాలుగు మూలలూ పట్టుకుని ఎత్తారు.

“ఏమి చేసేది,” అంది అత్త, గాల్లో తేలుతూ గడప దాటుతున్నప్పుడు. “పాత బండి.”